అభిమానులు దాచిన చరిత్ర: అమెరికా కంట్రీ సంగీత రికార్డుల సేకరణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

అమెరికా దక్షిణ రాష్ట్రాల గ్రామీణుల పాటలు 1920లలో గ్రామఫోను రికార్డులుగా వెలువడ్డాయి. కంపెనీలు వాటిని సరుకుగా చూశాయి. విశ్వవిద్యాలయాలు చాలాకాలం వాటివైపు చూడలేదు. ఆ రికార్డులను వెతికి, దాచి, ఒకరికొకరు పంచుకొని, వాటిపై వాదించుకొన్న అభిమానులే కంట్రీ సంగీత చరిత్రకు తొలి ఆధారాలను సమకూర్చారు. అయితే వారి అభిరుచి కొన్నింటిని నిలిపినట్లే కొన్నింటిని మరుగున కూడా పడవేసింది. ఈ రెండు పార్శ్వాలను కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కంట్రీ సంగీతం, గ్రామఫోను రికార్డులు, సేకర్తలు, జాన్ ఎడ్వర్డ్స్, హ్యారీ స్మిత్, లెస్లీ రిడిల్, అభిమాన సంఘాలు.

1. ఉపోద్ఘాతం:

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడికి మొదట కావలసినవి ప్రతులు. అవి ఎవరి ఇంట దొరికాయి, ఎవరు ఎందుకు దాచారు, ఏవి చెదల పాలయ్యాయి అన్న అంశాలు చివరికి పాఠనిర్ణయాన్నే ప్రభావితం చేస్తాయి. ధ్వనిముద్రిత సంగీతం విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఇవాళ కంట్రీ సంగీత చరిత్రగా గ్రంథాల్లో కనిపిస్తున్నది మిగిలిన రికార్డుల ఆధారంగా రాసిన చరిత్ర. ఆ రికార్డులు మిగలడానికి ప్రధాన కారణం అభిమానులు. కాబట్టి వారు ఏమి దాచారు అనే ప్రశ్నతో పాటు, ఎందుకు దాచారు, దేనిని వదిలేశారు అనే ప్రశ్నలను కూడా పరిశోధకులు వేసుకోవలసి ఉంటుంది.

2. సరుకుగా వెలువడిన పాట:

1922 జూన్‌లో టెక్సస్‌కు చెందిన ఫిడేలు విద్వాంసుడు ఎక్ రాబర్ట్‌సన్ న్యూయార్కులో విక్టర్ కంపెనీకి వాయించాడు. 1923 జూన్‌లో అట్లాంటాలో ఫిడ్లిన్ జాన్ కార్సన్ పాటలను ఓకే కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ ముద్రించాడు. కార్సన్ గానం పీర్‌కు ఏమాత్రం నచ్చలేదు. అయినా స్థానిక వ్యాపారి పోల్క్ బ్రాక్‌మన్ పట్టుబట్టి తెప్పించిన ప్రతులు త్వరగా అమ్ముడుపోవడంతో ఈ పాటకు బజారు ఉందని కంపెనీలు గ్రహించాయి. 1925లో అల్ హాప్‌కిన్స్ బృందం తమకొక పేరు పెట్టమని పీర్‌నే కోరగా, వారు తమను గురించి చెప్పుకొన్న మాటల నుంచే ‘హిల్ బిల్లీస్’ అన్న పేరు వచ్చింది. కొండప్రాంతపు మోటుమనిషి అన్న ఎగతాళి ధ్వనించే ఆ పదమే ఆ సంగీతశాఖకు పేరుగా స్థిరపడింది.

1927 జులై 25 నుంచి ఆగస్టు 5 వరకు టెనెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దులో ఉన్న బ్రిస్టల్ పట్టణంలో పీర్ విక్టర్ కంపెనీ కోసం 76 ముద్రణలు చేశాడు. కార్టర్ కుటుంబం, జిమ్మీ రాజర్స్ మొదటిసారి రికార్డుకు ఎక్కింది అక్కడే. కంట్రీ సంగీతానికి జన్మస్థలంగా ఈ పట్టణాన్ని అమెరికా కాంగ్రెస్ 1998లో గుర్తించింది. 1927లో మాత్రం ఇది ఒక కంపెనీ వేసవి వ్యాపార పర్యటన మాత్రమే.

ఆ వ్యాపారం సంగీతాన్ని రెండుగా చీల్చింది. కొలంబియా కంపెనీ నల్లజాతి కళాకారుల రికార్డులను 14000-డి వరుసలోనూ, దక్షిణాది శ్వేతజాతి కళాకారుల రికార్డులను 15000-డి వరుసలోనూ విడివిడిగా విడుదల చేసింది. తక్కిన కంపెనీలదీ దాదాపు ఇదే పద్ధతి. ఇరుగుపొరుగున ఉండి, ఒకరి పాట మరొకరు నేర్చుకొన్నవారు కంపెనీ జాబితాలో వేరువేరు పుటలకు చేరారు. తరువాతి కాలపు సేకర్తలు వెతుకులాటకు ఆధారం చేసుకొన్నది ఈ జాబితాలనే. ఆ చీలిక అలా సేకరణలోకి కూడా ప్రవేశించింది.

3. లక్క పలకలు, ఏకైక ప్రతులు:

నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డుల తయారీలో షెల్లాక్ ముఖ్య పదార్థం. లక్క పురుగుల నుంచి లభించే ఆ పదార్థం అధికంగా భారతదేశం నుంచే ఎగుమతి అయ్యేది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సరఫరా దెబ్బతినడంతో 1942లో అమెరికా ప్రభుత్వం దాని వాడకంపై కఠినమైన పరిమితి విధించింది. పాత రికార్డులను సేకరించి, కరిగించి, కొత్తవాటికి ముడిసరుకుగా వాడారు. 1929 తరువాతి ఆర్థికమాంద్యంలో చాలా తక్కువ సంఖ్యలో అమ్ముడుపోయిన రికార్డులకు ఇది రెండో దెబ్బ. కొన్ని ముద్రణలకు కంపెనీ వద్ద మూల లోహపు అచ్చు కూడా మిగలలేదు. ఒకప్పుడు కొన్న కుటుంబం అటక మీద పడి ఉన్న అరిగిన పలకే అలాంటి పాటకు ఏకైక ప్రతి అయింది.

అటువంటి ప్రతుల కోసం ఇంటింటికీ తిరిగినవారిలో మేరీలాండ్ రాష్ట్రం ఫ్రెడరిక్ వాసి జో బస్సార్డ్ (1936–2022) సుప్రసిద్ధుడు. దక్షిణాది పల్లెల్లో తలుపులు తట్టి, పాత రికార్డులు ఉన్నాయా అని అడిగి కొనేవాడు. అలా చేరిన వేలాది రికార్డులను ఇంటి నేలమాళిగలో దాచాడు. వచ్చినవారికి వినిపించేవాడు, కోరినవారికి టేపుల మీదికి ఎక్కించి పంపేవాడు. ఫోనోటోన్ పేరుతో తానే కొత్త ముద్రణలు కూడా చేశాడు. ఆయన అభిప్రాయాలు మాత్రం కరుకు. 1950ల మధ్యభాగం తరువాత నిజమైన కంట్రీ సంగీతమే లేదని బహిరంగంగా చెప్పేవాడు. ఔదార్యం, అసహనం ఒకే మనిషిలో కలిసి ఉండడం ఈ సేకర్తల లోకంలో అరుదు కాదు.

4. జాన్ ఎడ్వర్డ్స్: దూరదేశపు అభిమాని

ఈ చరిత్రలో కీలకమైన వ్యక్తి అమెరికన్ కాదు. ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ఎడ్వర్డ్స్ (1932–1960) అమెరికాలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. రికార్డులు, ఉత్తరాలు మాత్రమే అతడి సాధనాలు. అమెరికాలోని సేకర్తలతో రికార్డులు, టేపులు మార్చుకొన్నాడు. మరుగున పడిన గాయకుల చిరునామాలు సంపాదించి, ఎప్పుడు పాడారు, ఎవరు వాయించారు, పాట ఎక్కడ నేర్చారు అని ఉత్తరాల్లో అడిగాడు. అభిమానుల చిన్న పత్రికల్లో ఆ వివరాలను వ్యాసాలుగా ప్రకటించాడు. సొంత దేశంలోని పండితులు వేయని ప్రశ్నలను ఒక పరదేశి వేశాడు.

28 ఏళ్ల వయసులో 1960 డిసెంబరులో రోడ్డు ప్రమాదంలో ఎడ్వర్డ్స్ మరణించాడు. తన సేకరణ ఈ సంగీతపు గంభీరమైన అధ్యయనానికి ఉపయోగపడాలన్నది అతడి కోరిక. ఆ ప్రకారం అది అమెరికాలోని మిత్రుడు యూజీన్ ఎర్ల్‌కు చేరింది. ఎర్ల్, ఆర్చీ గ్రీన్, ఎడ్ కాన్, ఫ్రెడ్ హోప్ట్‌నర్, డి.కె. విల్గస్ కలిసి 1962లో జాన్ ఎడ్వర్డ్స్ స్మారక సంస్థను స్థాపించారు. లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దానికి నీడ ఇచ్చింది. సంస్థ వెలువరించిన వార్తాపత్రం 1960ల చివర త్రైమాసిక పత్రికగా మారింది. 1983లో ఈ సేకరణ చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి చేరి, అక్కడి దక్షిణాది జానపద భాండాగారానికి పునాది అయింది.

విద్యారంగం దృష్టి కూడా ఈ దశలోనే మారింది. 1965లో అమెరికా జానపద విజ్ఞాన సంఘం పత్రిక హిల్‌బిల్లీ సంగీతంపై ప్రత్యేక సంచిక తెచ్చింది. ఆర్చీ గ్రీన్ ‘హిల్‌బిల్లీ’ అన్న పదచరిత్రను శోధించిన ప్రసిద్ధ వ్యాసం అందులోదే. 1968లో బిల్ సి. మలోన్ సమగ్ర చరిత్రగ్రంథం వెలువడింది. టెక్సస్‌లో పత్తి కౌలురైతు కుటుంబంలో ఈ పాటలు వింటూ పెరిగిన మలోన్ కూడా మొదట అభిమానే. లండన్ నుంచి టోనీ రసెల్ 1971లో ప్రారంభించిన పత్రిక, 2004లో ప్రచురించిన 1921–1942 నాటి రికార్డుల బృహత్సూచి ఈ ధారకే చెందుతాయి. సేకర్తలు దశాబ్దాలుగా రాసుకొన్న జాబితాలు లేకుండా అటువంటి సూచి సాధ్యమయ్యేది కాదు.

5. రికార్డు నుంచి మనిషి దాకా:

1952లో ఫోక్‌వేస్ సంస్థ హ్యారీ స్మిత్ సంకలనాన్ని విడుదల చేసింది. తన సొంత సేకరణ నుంచి 84 పాత ముద్రణలను ఎంచి, కంపెనీల పాత విభజనను పక్కనబెట్టి, గాయకుల జాతిని సూచించకుండా స్మిత్ వాటిని కూర్చాడు. విన్నవారు ఎవరు నల్లవారో, ఎవరు తెల్లవారో పోల్చుకోలేకపోయారు. అసలు కంపెనీల నుంచి ముందస్తు అనుమతి లేకుండానే ఈ సంకలనం వెలువడింది. చట్టం దృష్టిలో సందేహాస్పదమైన ఆ పని చరిత్రకు మేలు చేసింది.

రికార్డు మీది పేరు ఒక ప్రశ్న అయింది: ఈ మనిషి ఇంకా బతికి ఉన్నాడా? 1960లో రాల్ఫ్ రింజ్లర్ ఒక ఫిడేలు పోటీలో క్లారెన్స్ ఆష్లీని కలుసుకొన్నాడు. 1963లో మైక్ సీగర్ వర్జీనియాలో డాక్ బాగ్స్‌ను కనుగొన్నాడు. బాగ్స్ 1927లో ముద్రణలు చేసి, తరువాత దీర్ఘకాలం బొగ్గుగనుల్లో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నాడు. అదే ఏడాది న్యూపోర్ట్ జానపద ఉత్సవ వేదిక ఎక్కి, మళ్లీ రికార్డులు చేశాడు. అభిమానుల శోధన ఇక్కడ ఒక వృద్ధ కార్మికుడికి రెండో కళాజీవితాన్ని ఇచ్చింది.

6. అభిరుచి గీసిన హద్దులు:

ఈ మేలుతో పాటు అభిరుచి విధించిన నిర్బంధాన్ని కూడా గుర్తించాలి. 1960లో ఆష్లీతో పాటు రింజ్లర్‌కు పరిచయమైన డాక్ వాట్సన్ అప్పటికి నృత్యవాద్య బృందంలో విద్యుత్ గిటారు వాయిస్తూ బతుకుతున్నాడు. రింజ్లర్ ఆ గిటారును అంగీకరించలేదు. సాంప్రదాయిక గిటారే కావాలన్నాడు. కొండల్లోని సంగీతకారుడు తన కాలంతో పాటు మారాడు. నగరపు అభిమానికి మాత్రం మారని పాట కావలసి వచ్చింది. వాట్సన్‌కు దానివల్ల దేశవ్యాప్తమైన కీర్తి లభించింది. అయినా ‘అసలైనది’ ఏదో నిర్ణయించిన అధికారం వాయించినవాడిది కాక విన్నవాడిది అయిందన్నది విస్మరించరాని విషయం.

లెస్లీ రిడిల్ ఉదంతం మరింత లోతైనది. టెనెసీలోని కింగ్స్‌పోర్ట్‌లో నివసించిన ఈ నల్లజాతి గిటారు వాద్యకారుడు ఎ.పి. కార్టర్‌తో కలిసి పాటల సేకరణకు ఊళ్లు తిరిగాడు. కార్టర్ మాటలు రాసుకొంటే, రిడిల్ బాణీని జ్ఞాపకంలో నిలుపుకొనేవాడు. కార్టర్ కుటుంబపు రికార్డుల మీద అతడి పేరు లేదు. పేరు లేనివాడిని రికార్డు పేర్ల ఆధారంగా వెతికే సేకర్త కనుగొనలేడు. 1960లలో మైక్ సీగర్ అతడిని న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కలిసి ముద్రణలు చేశాడు. అవి 1993లో గాని వెలువడలేదు. గ్రాండ్ ఓల్ ఓప్రీ రేడియో కార్యక్రమంలో 1941 వరకు హార్మోనికా వాయించిన నల్లజాతి కళాకారుడు డిఫోర్డ్ బెయిలీకి కంట్రీ సంగీత గౌరవ మందిరంలో చోటు దక్కింది 2005లో, మరణానంతరం. కంపెనీ జాబితా చేసిన విభజనను సేకరణ కొంతవరకే సరిదిద్దగలిగిందని ఇవి నిరూపిస్తాయి.

7. మరో అభిమాన లోకం:

ఇప్పటివరకు ప్రస్తావించిన సేకర్తలందరూ పురుషులే. అదే కాలంలో స్త్రీలు ప్రధానంగా నడిపిన మరొక అభిమాన వ్యవస్థ ఉంది. కొలరాడోకు చెందిన లౌడిల్లా, లొరెట్టా, కే జాన్సన్ అనే ముగ్గురు అక్కచెల్లెళ్లు 1960లలో గాయని లొరెట్టా లిన్ అభిమాన సంఘాన్ని, ఆపై వేర్వేరు గాయకుల అభిమాన సంఘాలకు ఒక సమాఖ్యను నిర్వహించారు. 1972లో నాష్‌విల్‌లో మొదలైన అభిమానుల వార్షిక సమ్మేళనానికి ఇటువంటి సంఘాలే బలం. వారి సంచికల్లో ఉత్తరాలు, ఛాయాచిత్రాలు, కచేరీల వివరాలు, కొత్త పాటలపై అభిప్రాయాలు ఉండేవి.

పాత రికార్డును దాచిన పురుషుడు ‘సేకర్త’గా, జీవించి ఉన్న గాయని గురించి ఉత్తరాలు రాసిన స్త్రీ ‘అభిమాని’గా చరిత్రలో నిలిచారు. మొదటిది పాండిత్యానికి దగ్గర, రెండోది మోజుకు దగ్గర అన్న భావన ఇందుకు మూలం. ఒక గాయని పాట శ్రామిక కుటుంబాల స్త్రీలకు ఎలా అర్థమైందో తెలుసుకోవడానికి అరుదైన రికార్డుకంటె ఆ ఉత్తరాలే మెరుగైన ఆధారం. వాటిని కూడా మూలసామగ్రిగా పరిగణించవలసి ఉంది.

8. పంపకం, హక్కులు:

పాత పాటల పంపకం క్రమంగా ప్రచురణగా మారింది. డేవిడ్ ఫ్రీమన్ కౌంటీ రికార్డ్స్ 1960లలో పాత తీగవాద్య బృందాలను మళ్లీ వినిపించింది. రిఖార్డ్ వైట్సే 1975లో జర్మనీలో స్థాపించిన బేర్ ఫ్యామిలీ సంస్థ 2011లో బ్రిస్టల్ ముద్రణలను విస్తృత వివరణలతో అందించింది. అట్లాంటాలోని డస్ట్ టు డిజిటల్ సంస్థ బస్సార్డ్ సేకరణను ఉపయోగించుకొంది.

చట్టం మాత్రం వెనుకబడింది. అమెరికా సమాఖ్య కాపీరైటు 1972 ఫిబ్రవరి 15 నుంచి మాత్రమే ధ్వనిముద్రణలకు వర్తించింది. అంతకుముందువి రాష్ట్రాల చట్టాల కింద 2067 వరకు బందీలుగా ఉండవలసినవి. 2018 నాటి చట్టం దీన్ని మార్చింది. 1923కు ముందు విడుదలైనవి 2022 జనవరి 1న ప్రజల సొత్తు అయ్యాయి. 1923–1946 మధ్య విడుదలైనవాటికి వందేళ్ల గడువు. బ్రిస్టల్ ముద్రణల్లో 1927లోనే విడుదలైనవి 2028 జనవరి 1న అందరివీ అవుతాయి. అంతవరకు వాటిని కాపాడి చేతులు మార్చినవారు చాలా సందర్భాల్లో చట్టపు అనుమతి లేనివారే.

9. ముగింపు:

కంట్రీ సంగీత చరిత్రలో అభిమానులు చరిత్రకారుల కంటె ముందున్నారు. వారి మార్పిడి లేకపోతే అనేక గొంతులు యుద్ధకాలపు కొలిమిలోనే అంతరించేవి. ఈ ఋణాన్ని అంగీకరిస్తూనే, వారి సేకరణను సమగ్ర చరిత్రగా పొరబడకుండా ఉండడం పరిశోధకుల బాధ్యత. రికార్డుకు ఎక్కినవాడి వెనుక రిడిల్ వంటి పేరు లేని సహచరుడు ఉండవచ్చు. వాట్సన్ చేతి నుంచి తప్పించిన గిటారు ఉండవచ్చు. అభిమాన సంఘపు సంచికలో అచ్చయిన ఒక గృహిణి ఉత్తరం ఉండవచ్చు. పాత రికార్డును వినేటప్పుడు అందులో ఉన్న పాటతో పాటు, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, ఆ దారిలో ఎవరు తప్పిపోయారో అడిగినప్పుడే ఆ చరిత్ర నిండుదనం పొందుతుంది.