ఉప్పెన తర్వాత గెడ పట్టినవాళ్ళు

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న నేలే మా దివిసీమ. పైన అవనిగడ్డ, దిగువన నాగాయలంక, కోడూరు. ఇంకా కిందికి పోతే హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది. వరిచేలు అయిపోయిన చోట ఉప్పునేలలు, అవి దాటితే మడ అడవి, ఆ తర్వాత సముద్రం. నాగాయలంక దగ్గర కూడా ఏరు సముద్రం మాటే వింటుంది. పోటుకి ఎగువకీ, పాటుకి దిగువకీ నడుస్తుంది.

1977 నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్ళి వారం దాటింది. చేలు పంట మీదున్నాయి. పొద్దుట్నించీ వీచిన గాలి వెనకాలే సముద్రం లేచి ఊళ్ళ మీద పడింది. తాటిచెట్టంత ఎత్తున వచ్చిందని చూసినవాళ్ళు చెబుతారు. ఐదారు మీటర్లని లెక్కలు కట్టినవాళ్ళు రాశారు. పోయినవాళ్ళు పదివేలని ఒక లెక్క, పద్నాలుగువేలు దాటారని ఇంకో లెక్క. సముద్రం అంచున ఉన్న పాలేల్లో కుటుంబాలకి కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయాయి. నీళ్ళు తీశాక తుమ్మకంపల్లో చిక్కుకున్న శవాలను తీసి, ఎవరెవరో గుర్తుపట్టే వీలులేక, దొరికిన చోటే సామూహికంగా దహనం చేశారు.

ఆ తర్వాతి సంగతులు చాలామంది రాశారు. సైన్యం రావడం, దేశం నలుమూలల నుంచి స్వచ్ఛంద సంస్థలు దిగడం, మండలి వెంకట కృష్ణారావు గారు ఊరూరా తిరగడం, పాలకాయతిప్పలో రామకృష్ణ మిషన్ పక్కా ఇళ్ళు కట్టడం, తీరం పొడవునా తుపాను షెల్టర్లు లేవడం. వాటిలో ఏ ఒక్కటీ చిన్న పని కాదు. ఆ ఇళ్ళలో పెరిగిన పిల్లలు ఇవాళ తాతలయ్యారు. కానీ పడవ ఇవ్వగానే, వల ఇవ్వగానే పల్లెకారు మళ్ళీ నీళ్ళలోకి దిగాడనుకుంటే పొరపాటు. ఆ చలికాలం మా వైపు చాలా ఇళ్ళలో చేప వండలేదు. ఆ చేప ఏం తిని పెరిగిందో అన్న ఆలోచనకే ముద్ద దిగేది కాదు. తన పిల్లల్ని ఎత్తుకుపోయిన నీళ్ళలోనే వల వెయ్యమంటే ఎవరికి చెయ్యి ఆడుతుంది? మనిషిని మళ్ళీ పడవెక్కించింది అతని ఈడువాడు, పక్క పాలెంవాడు, బావ వరసవాడు. మా సీమ ఎలా తేరుకుందో చెప్పే చరిత్రలో ఆ పనికి పెద్ద పీట వెయ్యాలని నా పట్టుదల.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. సొర్లగొంది వైపు పాలెంలో నాన్నకి ఒక స్నేహితుడుండేవాడు. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవాళ్ళు. నాకు మావయ్య. ఉప్పెనలో తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు పోయారు. తాటిచెట్టు పట్టుకుని ఆయనొక్కడే మిగిలాడు. శిబిరం ఎత్తేశాక నాన్న వెళ్ళి మా ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన అరుగు మీద గోడకి ఆనుకుని, ఏటివైపు వీపు పెట్టి కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు ఓదార్చేవాళ్ళు. దేవుడి రాత అనేవాళ్ళు, ఇంకా వయసుంది మళ్ళీ పెళ్ళి చేసుకో అనేవాళ్ళు. ఆయన తలూపేవాడు. నాన్న మాత్రం అలాంటి మాట ఒక్కటీ అనలేదు. చిరిగిన వల తెచ్చి ఒక కొస ఆయన ఒళ్ళో పడేసేవాడు. కొన్నాళ్ళు ఆ కొస అలాగే ఉండేది. తర్వాత ఎప్పుడో ఆయన వేళ్ళు వాటంతటవే కన్నాలు వెతుక్కుని ముళ్ళు వెయ్యడం మొదలుపెట్టాయి.

సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు తెల్లవారుజామున నాన్న లేపాడు.

"బావా, పోటు తిరిగే వేళయింది. గెడ వెయ్యడానికి మనిషి లేడు. వస్తావా?"

"నీళ్ళ మొహం చూడలేను బావా."

"నీళ్ళు నేను చూసుకుంటాలే. నువ్వు గెడ చూసుకో."

నీళ్ళు తోడడానికి నన్నూ ఎక్కించారు. ఏటిలోంచి మడలోకి పోయే పాయలో పడ్డాం. అటూ ఇటూ మడచెట్లు, బురదలోంచి మొలిచిన వాటి ఊపిరివేళ్ళు, మధ్యమధ్యన తిల్లచెట్లు. తిల్లపాలు కంట్లో పడితే చూపు పోతుంది కనక, కొమ్మ అడ్డొచ్చినప్పుడల్లా నాన్న నన్ను తల వంచమనేవాడు. మావయ్య కాళ్ళ దగ్గర చూపు నిలిపి, గెడ దించడం, ఒత్తడం, లాగడం, మళ్ళీ దించడం. అంతే. గెడకి అంటుకొచ్చిన నల్లటి బురద ఆయన మోచేతుల దాకా కారింది.

ఒక మలుపులో ఆయన గెడ ఆగిపోయింది. పైకి చూస్తున్నాడు. మా తలల మీద, నిలబడి చెయ్యి చాచినా అందనంత ఎత్తులో, మడకొమ్మకి చుట్టుకుని చీరపేలిక వేలాడుతోంది. ఎర్రంచు ఇంకా తెలుస్తోంది. పోటు పడవని మెల్లగా అడ్డం తిప్పేస్తోంది. నాన్న తెడ్డు ముట్టుకోలేదు, పోదాం పద అనలేదు.

"ఇంతెత్తు వచ్చాయా ఇక్కడికీ?" అన్నాడు మావయ్య.

"వచ్చాయి బావా."

అప్పుడు చెప్పాడాయన. అరుగు మీద అంతమంది అడిగినా చెప్పనిది. ఏ పిల్లని ఏ చేత్తో పట్టుకున్నదీ, ఏ చెయ్యి ముందు జారిందీ. పోటు నిండి నీళ్ళు కదలకుండా నిలిచేదాకా చెబుతూనే ఉన్నాడు. నాన్న ఊఁ కొడుతూ విన్నాడు. నేను డొప్పతో తోడుతూనే ఉన్నాను, పడవలో తోడడానికి నీళ్ళు లేకపోయినా.

పాటు మొదలయ్యాక నాన్న విసురువల వేశాడు. పెద్దగా పడలేదు. గుప్పెడు రొయ్యలు, నాలుగు జెల్లలు, ఒక చిన్న పండుగప్ప. వల దులిపి అవతలి కొస మావయ్య ముందుకి తోశాడు. జెల్లకి రెండు పక్కలా, వీపు మీదా ముళ్ళుంటాయి, గుచ్చుకుంటే రాత్రంతా సలుపు. ఆయన ఒక జెల్లని మెడ వెనక రెండు వేళ్ళతో అదిమి పట్టి, ముళ్ళు మూడూ పుటుక్ పుటుక్‌మని విరిచి, వలలోంచి తప్పించి నా బుట్టలో వేశాడు. చేశాక గానీ తను చేసిన పని గమనించలేదు. కాసేపు తన చేతుల్ని చూసుకున్నాడు. రెండోదానికి చెయ్యి చాచాడు.

ఆ రోజుతో దుఃఖం తీరిపోయిందని నేను రాస్తే అది అబద్ధం. ఇంటికొచ్చాక ఆయన చేప ముట్టలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం నిద్రలో లేచి కూర్చునేవాడు. కానీ మర్నాటి నుంచి అరుగు మీద ఏటివైపు తిరిగి కూర్చున్నాడు, పోటు వేళలు మళ్ళీ ఆయన నోట వినబడ్డాయి. కొత్త కాలనీలో ఇల్లొచ్చాక సొంత పడవతో వేటకి పోయాడు. 2004 డిసెంబరు 26న సునామీ మన తీరాన్నీ కొట్టినప్పుడు, ముసలితనంలో కూడా కర్ర పట్టుకుని, తల్లిని పోగొట్టుకున్న ఒక కుర్రాడి ఇంటికి రోజూ వెళ్ళి కూర్చునేవాడు.

అవనిగడ్డ దారిలో ఉప్పెన మృతులకి స్తూపం ఉంది. ఏటా నవంబరు 19న పూలు పెడతారు, పెట్టాలి కూడా. నేను మాత్రం ఈమధ్య పాలేల్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఒకటే అడిగి రాసుకుంటున్నాను: ఉప్పెన తర్వాత మొదటిసారి ఎవరితో వేటకి దిగారు? ఊళ్ళో ఎందరు పోయారంటే తడుముకునేవాళ్ళు కూడా దీనికి తడుముకోరు. పేరు, వరస, ఏ పాయ, ఏం పడ్డాయో కూడా చెబుతారు. మడలో పీతలు పట్టి బతికిన ఒక యానాది అవ్వ తన వదిన పేరు చెప్పింది. పీతల బొరియ దగ్గరికి లాక్కెళ్ళి, ఇనప కొక్కెం చేతిలో పెట్టి, ఆమె రెండో బొరియ దగ్గర కూర్చుందట. ఆ పూట ఇద్దరికీ కలిపి మూడు పీతలు దొరికాయి. వదిన రెండు ఈమెకిచ్చి, ఒకటి తను పట్టుకుపోయింది.