శేరు: తూనికా, కొలతా?

హిందీ కథను తెనిగించబూనినవానికి తొలి పుటల్లోనే తటస్థపడే మాటల్లో ‘సేర్’ ఒకటి. దానికి మన ‘శేరు’ సిద్ధంగా ఉన్నది. ఇంతకంటె సుళువైన అనువాదం ఉండదనిపిస్తుంది. కాని ఈ రెండు మాటలూ తోబుట్టువులే గాని ఒకే వ్యక్తి కావు. బంగాళంలోనూ, హిందీ సీమలో చాలా భాగంలోనూ సేరంటే ఎనభై తులాల బరువు. మన కోస్తా మండలాల్లో శేరంటే ఇరవైనాలుగు తులాలే. అట్టి ఐదు శేర్లు ఒక వీసె, ఎనిమిది వీసెలు ఒక మణుగు. ఇక తెలంగాణా పల్లెల్లో శేరనగానే తక్కెడ గుర్తుకు రాదు. బియ్యం కొలిచే పాత్ర గుర్తుకు వస్తుంది.

గ్రంథాలలో మనకు ఎదురయ్యే ఈ చిక్కు మనుషులకు బజారులోనే ఎదురైన చోటు ఒకటున్నది. అది కలకత్తా నగరంలోని ఖిదిర్‌పూర్. మైకేల్ మధుసూదన దత్తు పెరిగిన పేట అది. ఆ కవి 1848లో మద్రాసు చేరి ఎనిమిదేండ్లు అక్కడ కాపురం చేశాడు. ఎనభై తులాల సేరు ఎరిగినవాడు ఇరవైనాలుగు తులాల శేరుతో ఇల్లు గడుపుకొన్నాడన్న మాట! 1890ల ఆరంభంలో ఖిదిర్‌పూర్ డాకులు వెలసిన తరువాత ప్రయాణం ఎదురుదిక్కుకు మళ్ళింది. పొరుగున ఉన్న గార్డెన్‌రీచ్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే వారి ప్రధాన కార్యాలయం ఉండేది. ఆ రైలుదారి వెంట విశాఖపట్టణం, గంజాం మండలాల తెలుగువారు కలకత్తా జనపనార మిల్లులకూ, రైల్వే కొలువులకూ వచ్చి చేరారు.

వారు వచ్చినది కొలత దేశం నుంచి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. కళ్ళంలో ధాన్యం కొలిచేవాడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. పాలెగానికి జీతం, చాకలి మంగళ్ళకు మేర, దేవుడి మాన్యం రాబడి, అన్నీ కుంచాల మీదనే. దీనికి కారణం వెదకడానికి దూరం పోనక్కరలేదు. వడ్లు, బియ్యం ప్రవాహగుణం కలవి. పోస్తే పాత్ర మూల మూలకూ చేరుతాయి. రెండవసారి పోసినా ఇంచుమించు అంతే పడతాయి. పల్లెలో తక్కెడా రాళ్ళూ షావుకారు ఇంట ఉంటాయి, కుంచం రైతు ఇంటనే ఉంటుంది. తన కంటి ఎదుట నిండే పాత్రను అతడు నమ్మడంలో వింత లేదు.

పిండి సంగతి వేరు. పిండి పారదు, పేరుకుంటుంది. లీటరు పాత్రలో గోధుమలు ఏడువందల యాభై నుంచి ఎనిమిది వందల గ్రాముల దాకా పడతాయి. అదే పాత్రలో జల్లించి వదులుగా పోసిన పిండి ఐదు వందల గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. పాత్రను నేలకు రెండుసార్లు తట్టి మళ్ళీ నింపితే ఆరువందల యాభై దాటవచ్చు. పాత్ర మారలేదు, సరుకు మారలేదు, చేయి మారింది. అమ్మేవాని చేయి వదులు, కొనేవాని చేయి బిగువు. ఇద్దరూ తమ దృష్టిలో ధర్మాత్ములే. పిండిని విసిరిన ఇంటనే వండుకొన్నంత కాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. కొట్టులో కొని తినవలసిన నగరంలో అది కడుపుకు సంబంధించిన విషయం అవుతుంది.

మన పూర్వులు ఇది ఎరుగని వారు కారు. కౌటిల్యుడు కొలపాత్రల ప్రకరణంలో పాత్రపై నిలిచే రాశికి ‘శిఖ’ అని పేరు పెట్టి, అది కొలతలో నాలుగవ వంతు ఉండాలన్నాడు. లేదా ఆ శిఖను లోపలనే ఇముడ్చుకొనే పాత్ర చేయించమన్నాడు. గోపురంగా పోయడమా, అంచు మట్టంగా త్రోసివేయడమా అన్న తగవును ఆయన లెక్కలోకి దించాడు. 1896లో అమెరికాలోని బోస్టన్ నగరాన ఫానీ ఫార్మర్ అనే విదుషీమణి తన పాకశాస్త్ర గ్రంథంలో గిన్నెడు పిండి అంటే అంచు మట్టంగా ఉన్న గిన్నెడే అని పట్టుబట్టింది. ఆ దేశపు గృహిణులు ఇప్పటికీ గిన్నెతోనే కొలుస్తారు. శిఖ పోయింది గాని, పిండి బిగువు వదులుల బెడద పోలేదు.

కలకత్తా మరొక త్రోవ త్రొక్కింది. అక్కడా కొలపాత్రలు లేకపోలేదు. కాని వాటి వంశవృక్షం విచిత్రమైనది. ఐదు ఛటాకులు ఒక కున్‌కే, నాలుగు కున్‌కేలు ఒక రేక్, నాలుగు రేకులు ఒక పాలీ, ఇరవై పాలీలు ఒక శలి, పదహారు శలులు ఒక కహన్. ఛటాకు అంటే సేరులో పదహారవ వంతు, అనగా బరువు. కాబట్టి పాలీ ఐదు సేర్లు, కహన్ నలభై మణుగులు. పాత్ర పేరు చెప్పి బరువు లెక్క కట్టడమే ఇది. వడ్లకు సరిపోయిన పాలీ బియ్యానికి ఎట్లా సరిపోతుందని అడిగితే జవాబు లేదు. పైగా బజారు మణుగు వేరు, కంపెనీవారి ఫ్యాక్టరీ మణుగు వేరు. మొదటిది రెండవదానికంటె పదోవంతు పెద్దది. కలకత్తా టంకశాలలో పనిచేసిన జేమ్స్ ప్రిన్సెప్, బ్రాహ్మీలిపిని చదివిన ఆ మహనీయుడే, ఈ అడవిలో దారి తీయడానికి పాటుపడ్డాడు. 1833 నాటి ఏడవ రెగ్యులేషన్‌తో తులం నూట ఎనభై గ్రెయిన్లని, సేరు ఎనభై తులాలని, మణుగు నలభై సేర్లని స్థిరపడ్డది. ఆ మణుగు మన లెక్కలో ముప్ఫై ఏడు కిలోలపై చిల్లర. మద్రాసు మణుగు పదకొండు కిలోలపై చిల్లర మాత్రమే. ఖిదిర్‌పూర్‌లో మణుగు పిండి కొన్న తెలుగు కూలీ తన ఊరి మణుగులు మూడింటికి మించి ఇంటికి మోసుకుపోయినట్టు. ధర విని గుండె గుభేలుమన్నా, మూట ఎత్తినప్పుడు కొంత ఊరట కలిగి ఉండాలి.

రొట్టె కాల్చేవారు తూనిక పక్షమే. పిండికి నీరు ఇంత పాలు అన్నది వారి విద్యకు ఆయువుపట్టు. పిండి తూకం తప్పితే ముద్ద జారిపోతుంది, లేదా రాయి అవుతుంది. 1856లో వాజిద్ అలీ షా ఖిదిర్‌పూర్‌కు చేరువనే మటియాబుర్జ్‌లో ప్రవాసం వచ్చినప్పుడు లక్నో వంటవారి విద్యలూ వెంట వచ్చాయి. రేవు వల్ల పాశ్చాత్యుల రొట్టె వచ్చింది. దాన్ని పావ్‌రోటీ అంటారు; ఆ ‘పావ్’ పోర్చుగీసు మాట, రొట్టె అని అర్థం. పావుసేరు అనేటప్పటి ‘పావ్’తో దీనికి చుట్టరికం లేదు, వినడానికి ఎంత పొందికగా ఉన్నా. సేరు చట్టం నుంచి తప్పుకొన్నా, కలకత్తాలో కేకును ఇప్పటికీ పౌను లెక్కననే అడుగుతారు.

ఇక మొదట చెప్పిన కథల వద్దకు వస్తాను. ప్రేమ్‌చంద్ ‘సవా సేర్ గేహూఁ’ 1924 నాటిది. శంకర్ అనే రైతు ఇంటికి సాధువు వస్తాడు. ఇంట గోధుమపిండి లేదు. ఊరి విప్రుని వద్ద సవాసేరు గోధుమలు బదులు తెస్తాడు; భార్య విసిరి రొట్టె చేస్తుంది. ఇంత స్వల్పాన్ని తిరిగి ఏమి తూచి ఇస్తామనుకొని, కళ్ళంలో విప్రునికి ఇచ్చే ధాన్యంలోనే కాస్త ఎక్కువ వేసి, ఋణం తీరిందనుకొంటాడు. ఏడేండ్ల తరువాత లెక్క బయటపడుతుంది: ఐదున్నర మణుగులు. అది అరవై రూపాయల పత్రమై, శంకర్‌ను బానిసను చేసి, అతని తరువాత కొడుకు మెడకు చుట్టుకొంటుంది. అప్పు తూనికలో పుట్టింది. చెల్లింపు చేతి వాటంగా, రాశిలో కలిసిపోయింది. తూచినది ఖాతాకెక్కింది, తూచనిది దానమైపోయింది. కథకు కీలకం ఇక్కడనే ఉన్నదని నా అభిప్రాయం.

ఇప్పుడు దీన్ని తెలుగులో ‘శేరుంబావు’ అంటే ఏమవుతుంది? కోస్తా చదువరికి అది ముప్ఫై తులాలు, మూడువందల యాభై గ్రాములు. అసలు మాత్రం నూరు తులాలు, కిలోకు పైమాట. మన మణుగుకూ నలభై శేర్లే గనుక సవాసేరు ఐదున్నర మణుగులు కావడంలోని నూటడెబ్భైయారు రెట్ల అన్యాయం చెక్కుచెదరదు. గింజలు మాత్రం మూడవ వంతుకు లోపవుతాయి. తెలంగాణా చదువరికి మరొక ఇబ్బంది. అతడు పాత్రను ఊహిస్తాడు. పాత్రతో తెచ్చినది రాశిగా తిరిగి ఇవ్వడం అతనికి సహజంగానే తోస్తుంది, శంకర్ చేసిన పొరపాటు పొరపాటుగా కనబడదు.

1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు 1 నుంచి దశలవారీగా కిలోగ్రాము అమలై, 1962 నాటికి బరువుల్లో సేరు, వీసె, మణుగు చట్టం నుంచి తప్పుకొన్నాయి. అందుచేత నేటి పిన్నలకు రెండు శేర్లూ సమంగానే తెలియవు; అనువాదకునికి ఇదొక విధంగా అనుకూలమే. ‘సవా సేర్’ను కిలోలలోకి మార్చడం నాకు సమ్మతం కాదు, విప్రుని ఖాతాలో కిలోలు లేవు. నేనైతే ‘సవాసేరు’ అనే ఉంచి, శంకర్ గోధుమలు తెచ్చే వాక్యంలోనే, ‘తూచి’ అన్న ఒక్క మాట చేరుస్తాను.