కొవ్వు కణం ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది?

కొవ్వు అంటే తిండి ఎక్కువై ఒంట్లో పేరుకున్న వ్యర్థం అన్న భావన జనంలో బలంగా ఉంది. శరీరశాస్త్రం ప్రకారం అది కాలేయం, మూత్రపిండాల వలెనే సొంత కణాలు, రక్తనాళాలు, నాడులు గల అవయవం. ఆకలిని అదుపు చేసే లెప్టిన్ హార్మోన్‌ను స్రవించేది కొవ్వు కణాలే. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో ఈ హార్మోన్‌ను గుర్తించిన తరువాతే కొవ్వుకు ఈ గౌరవం దక్కింది.

కొవ్వు కణజాలం తల్లి గర్భంలోనే మొదలవుతుంది. పిండానికి 14 నుంచి 16 వారాల వయసులో దాని తొలి జాడలు కనిపిస్తాయి. ఎముకగా, మృదులాస్థిగా కూడా మారగల మూలకణాల్లో కొన్ని చిన్న రక్తనాళాల చుట్టూ చేరి, కొవ్వు కణాలుగా మారే దారి పడతాయి. ఈ మార్పును నడిపించే ప్రధాన ప్రోటీన్ పీపీఏఆర్ గామా. అది మేల్కొన్నాక కణంలో సన్నని కొవ్వు బిందువులు ఏర్పడి, క్రమంగా ఒకే పెద్ద బిందువుగా కలుస్తాయి. కేంద్రకం ఒక అంచుకు ఒత్తుకుపోయి, సూక్ష్మదర్శినిలో కణం రాయి పొదిగిన ఉంగరంలా కనిపిస్తుంది. ఇది తెల్ల కొవ్వు. నవజాత శిశువుల్లో మెడ, భుజాల మధ్య ఉండే గోధుమ రంగు కొవ్వు తీరు వేరు. అది శక్తిని దాచదు, మండించి వెచ్చదనం ఇస్తుంది. పెద్దవారిలోనూ అది కొంత మిగిలి ఉంటుందని 2009లో స్కానింగ్ పరీక్షలు నిరూపించాయి.

భోజనం తరువాత పెరిగే ఇన్సులిన్ రక్తంలోని కొవ్వును కణాల్లోకి చేరుస్తుంది. ఉపవాసంలో అదే కొవ్వు విడిపోయి ఇంధనమవుతుంది. నిల్వ పెరిగితే ఉన్న కణాలు ఉబ్బుతాయి, లేదా కొత్తవి పుడతాయి. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ శాస్త్రవేత్తలు 2008లో ఈ లెక్క తేల్చిన పద్ధతి ఆసక్తికరం. అణుబాంబు పరీక్షల వల్ల వాతావరణంలో పెరిగిన కార్బన్-14 కణాల డీఎన్ఏలో ఎంత ఉందో చూసి, వాటి వయసు కట్టారు. కణాల సంఖ్య బాల్య కౌమారాల్లోనే స్థిరపడుతుందని, పెద్దయ్యాక ఏటా సుమారు 10 శాతం చనిపోయి అన్నే కొత్తవి పుడతాయని తేలింది. శస్త్రచికిత్సతో బరువు తగ్గినవారిలోనూ కణాలు చిన్నవయ్యాయే గానీ వాటి సంఖ్య తగ్గలేదు.

కణాలు ఎక్కువగా ఉండటమే చేటు అనుకుంటే పొరపాటు. పుట్టుకతోనే కొవ్వు కణజాలం దాదాపు లేని అరుదైన రోగులకు తీవ్రమైన మధుమేహం వస్తుంది. దాచే చోటు లేని కొవ్వు కాలేయంలో, కండరాల్లో చేరడమే కారణం. మధుమేహానికి వాడే పయోగ్లిటాజోన్ మాత్ర పీపీఏఆర్ గామాపైనే పనిచేస్తుంది. రోగి బరువు కాస్త పెరుగుతుంది, చక్కెర మాత్రం తగ్గుతుంది. కొవ్వు చర్మం కింద కొత్త కణాల్లో సర్దుకోవడమే ఇందుకు ఒక కారణం.

భారతీయుల విషయంలో ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది. పుణె సమీప గ్రామాల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పరిశీలించిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. పుణె శిశువుల్లో కండ బాగా తక్కువ, చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. 2004లో యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ సొంత కొలతలనే లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3 కాగా, యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం. అందుకే భారతీయులకు అధిక బరువు హద్దును 25 నుంచి 23కు తగ్గించి, నడుము కొలతను పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లుగా వైద్య నిపుణులు నిర్ణయించారు.