రసీదు అందేదాకా

సర్వర్ కూలినప్పుడు సందేశాలను ఎలా కాపాడుకున్నామన్న చరిత్రను సాధారణంగా ఇలా చెబుతారు: ఒకప్పుడు ఒకే ప్రతి ఉండేది, పోతే పోయేది, రెప్లికేషన్ (ఒకే సందేశానికి పలు ప్రతులు ఉంచడం) వచ్చాక ఆ బెంగ తీరింది. ఈ మాట నాకు మింగుడుపడదు. ఒకే ప్రతి ఉన్న కాలంలోనూ రక్షణ ఉండేది. ఆ రక్షణ రసీదు.

తొలి దశలు తెలిసినవే. తంతి అందిందని అవతలి ఆపరేటర్ చెప్పాకే ఇవతలి వాడి పని పూర్తయ్యేది. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎంటీపీ ప్రమాణం ఈమెయిల్‌కూ అదే నియమం పెట్టింది. అవతలి సర్వర్ ఒప్పుకునేదాకా ఉత్తరం పంపినవాడి వరుసలోనే ఉంటుంది. కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నించాలని 1989 నాటి ప్రమాణం చెప్పింది.

అసలు పేచీ 2011 నుంచి 2013 దాకా సాగిన కాఫ్కా అనే సందేశ వ్యవస్థ చరిత్రలో ఉంది. లింక్డిన్‌లో దాన్ని కట్టిన జే క్రెప్స్, నేహా నర్ఖేడే, జున్ రావు తమ 2011 పత్రంలో దాచకుండా చెప్పారు: బ్రోకర్ (సందేశాలను ఉంచుకునే సర్వర్) పడిపోతే అందులో ఇంకా చదవని సందేశాలు అందవు, డిస్కు పాడైతే శాశ్వతంగా పోతాయి. అయినా ఏర్పాట్లు లేకపోలేదు. పడిపోయిన బ్రోకర్ పేరు, పనిచేసే బ్రోకర్ల లెక్క ఉంచే జూకీపర్ పట్టికలోంచి తొలగేది, చదివేవాళ్లు పని మళ్లీ పంచుకునేవారు. ఎక్కడిదాకా చదివారో లెక్క వాళ్ల వైపే ఉండేది. డిస్కు బాగుంటే, అందులోకి ఎక్కిన సందేశాలకు ఆలస్యమే తప్ప నష్టం లేదు.

మరి లోటెక్కడ? పంపేవాడు రసీదు కోసం ఆగేవాడు కాదు. డిస్కుకెక్కకముందే యంత్రం ఆగితే, సందేశం పోయిందని కూడా అతనికి తెలియదు. లాగ్ సమాచారంలో కొద్ది నష్టానికి సిద్ధపడి వేగాన్ని ఎంచుకున్నామని రచయితలే చెప్పారు. వాళ్ల అవసరానికి అది సబబే. డిస్కే కాలిపోతే రసీదు కాపాడలేదన్నదీ నిజమే. కానీ 2013 డిసెంబరులో వచ్చిన కాఫ్కా 0.8 వెర్షన్‌లో రెప్లికేషన్, రసీదు కలిసే వచ్చాయి. ఘనత మాత్రం మొదటిదానికే దక్కింది.

అదే ఏడాది జులైలో దేశంలో తంతి సేవ ముగిసింది. అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటింది. గోసాని నువాగాంలో మా ఇంటి నుంచి విశాఖలోని అక్కకు "క్షేమమే" అని వాట్సాప్‌లో పెడితే గడియారం గుర్తు పడి ఆగిపోయింది. సిగ్నల్ వచ్చాక ఒక టిక్కు, తర్వాత రెండోది. మొదటి టిక్కు పడేదాకా ఆ మాటను కాపాడింది నా ఫోనులో ఉన్న ఒక్క ప్రతే.

ఆ తర్వాతి పరిస్థితీ నాకు తృప్తినివ్వదు. 2021లో 3.0 వెర్షన్ వచ్చేదాకా, ఎవరూ మార్చకపోతే, కాఫ్కాలో ప్రధాన బ్రోకర్ ఒక్కటి రాసుకోగానే రసీదు వచ్చేసేది. మిగతా బ్రోకర్లు రాసుకోకముందే అది కూలితే, రసీదు చేతిలో ఉండగానే సందేశం పోయేది. నేటికీ మూడు ప్రతుల్నీ ఒకే గదిలో పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. ప్రతులు పెంచడం మంచిదే. కానీ రసీదు అందకముందే తన ప్రతిని చెరిపేసుకునేవాడికి అవతల ఎన్ని ప్రతులున్నా భరోసా లేదు.