మట్టిమిద్దె నుండి కాంక్రీటు దిమ్మె వరకు

1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున, నాలుగు గంటలు కొట్టడానికి నాలుగు నిమిషాల ముందు, కిల్లారి పరిసరాలలో భూమి కంపించింది. ముందురోజు అనంత చతుర్దశి. వినాయక నిమజ్జనం ముగించుకొని పల్లెలన్నీ గాఢనిద్రలో ఉన్నవి. ఆ కుదుపు షోలాపురంలోనే గాక దూరాన హైదరాబాదులోను తెలిసింది. దాని పరిమాణం 6.2. ప్రపంచపు పెద్ద భూకంపాల సరసన నిలిచే సంఖ్య కాదది. అయినను మరణించినవారు ఒక లెక్కలో దాదాపు ఎనిమిది వేలు, మరొక లెక్కలో పదివేలకు చేరువ. భూమి కంటె ఇళ్లే ఎక్కువమందిని చంపినవనడం కటువైన మాటే గాని అసత్యం కాదు.

కిల్లారి ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిది. లాతూరు 1982లో ఉస్మానాబాదు నుండి విడివడి ప్రత్యేక జిల్లా అయింది. ఉస్మానాబాదునే నేడు ధారాశివ్ అంటున్నారు. అంతా నల్లరేగడి నేల. ఆ మన్నుతో మంచి ఇటుక కాలదు. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. నల్లరాయికి మాత్రం కొదువ లేదు. కనుక జనం రాయి పేర్చి, మధ్య బంకమట్టి నింపి, రెండు మూడు అడుగుల మందాన గోడలు లేపారు. కొన్నిచోట్ల అంతకంటె మందం. పైన కొయ్య దూలాలు, పలకలు, వాటిపై అడుగుకు మించిన మట్టి. తెలుగువారు మట్టిమిద్దె అనే ఆ కప్పును అక్కడివారు మాళవద్ అంటారు. వైశాఖమాసపు మధ్యాహ్నం ఆ ఇంటిలో అడుగుపెట్టినవారికి దాని విలువ తెలుస్తుంది. వేడి ఆ మందాన్ని దాటి లోపలికి వచ్చేసరికి బయట రాత్రి చల్లబడి ఉంటుంది.

లోపం రాతిలో లేదు, కట్టుబడిలో ఉన్నది. గోడకు లోపలి వరుస ఒకటి, బయటి వరుస ఒకటి. రెండింటిని కలిపి పట్టే పొడుగురాళ్లు వేయడం చాలా ఊళ్లలో మానివేశారు. కప్పు కారినప్పుడల్లా మరికొంత మన్ను పోయడం వల్ల బరువు ఏటేటా పెరిగింది. నేల ఊగగానే రెండు వరుసలు విడిపోయి, మిద్దె మొత్తం నిద్రించేవారిపై కూలింది. కప్పు బరువును గోడపై మోపక కొయ్యస్తంభాలపై నిలిపిన పాత ఇళ్లలో గోడలు పడినను కప్పు నిలిచిన సందర్భాలు ఉన్నవి. పూర్వులకు తెలిసిన ఈ సంగతి తరువాతివారికి ఎందుకు అందలేదో ఆలోచించదగినది. కలప ఖరీదు ఒక కారణం కావచ్చును.

భయపడిన జనం ఇక రాతి ఇల్లు వద్దన్నారు. అప్పుడు పలు గ్రామాలకు కాంక్రీటు దిమ్మె వచ్చింది. దాని వయస్సు అప్పటికి తొంబది ఏళ్లకు పైమాటే. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు హక్కుపత్రం పొందాడు. అమెరికాలో హార్మన్ పామర్ 1900లో బోలు దిమ్మెలు పోసే యంత్రానికి హక్కు పొందాడు. చేతితో దట్టించే ఆ చిన్న యంత్రాలను వస్తువుల జాబితా పుస్తకం చూసి తెప్పించుకొని, కుటుంబాలు తమ ఇంటి దిమ్మెలను తామే పోసుకొనేవి. మన దేశంలో సిమెంటు తయారీకి తొలి ప్రయత్నం 1904లో మద్రాసులో జరిగింది. 1914లో పోరుబందరు కర్మాగారంతో అది నిలదొక్కుకొన్నది.

బోలు దిమ్మెలో ఒక సౌలభ్యం ఉన్నది. 40 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల ఎత్తు, వెడల్పు గల ఒక్క దిమ్మె ఎనిమిది ఇటుకల చోటు నింపుతుంది. మూలలలో దాని రంధ్రాల గుండా ఇనుపచువ్వ దించి కాంక్రీటు పోస్తే గోడ పునాదితో బిగిసిపోతుంది. పునాది మీద ఒకటి, తలుపుల కిటికీల పైన ఒకటి, ఇల్లంతా చుట్టివచ్చే కాంక్రీటు పట్టీలు వేస్తే నాలుగు గోడలు ఒక పెట్టెవలె కలిసి ఊగుతవి. మేదరి బుట్టకు అంచు కట్టినట్లే ఇది.

1994లో ప్రపంచ బ్యాంకు సహాయంతో పునర్నిర్మాణం విస్తృతంగా సాగింది. యాభైరెండు గ్రామాలను పూర్తిగా క్రొత్తచోట్లకు తరలించారు. కుటుంబానికి గల భూమినిబట్టి 250, 400, 750 చదరపు అడుగుల ఇళ్లు ఇచ్చారు. ఇతర గ్రామాలలో సుమారు రెండు లక్షల ఇళ్లను యజమానులే, ప్రభుత్వ ధనసహాయంతో, బాగుచేసుకొన్నారు లేదా బలపరచుకొన్నారు. తమ గోడలో చువ్వ ఎక్కడ వేశారో, ఎందుకు వేశారో ఎరిగిన యజమానులు వీరు. ఈ రెండవ పని గురించి పత్రికలు తక్కువగా వ్రాశాయి. నిజానికి చరిత్రకెక్కవలసినది అదే. అప్పటివరకు భూకంప పటంలో అత్యల్ప ప్రమాదమండలంలో ఉన్న ఆ ప్రాంతాన్ని 2002 సవరణలో మూడవ మండలంలో చేర్చారు.

ఇళ్లు గట్టివైనవి. కాని వేసవి వచ్చింది. ఎనిమిది అంగుళాల దిమ్మె, నాలుగైదు అంగుళాల స్లాబు రెండు మూడడుగుల మట్టికి సాటి రావు. బోలులోని గాలి వేడిని కొంత ఆపినను, రంధ్రాల నడుమనున్న కాంక్రీటు దాన్ని లోపలికి మోసుకొని వస్తుంది. పగలంతా కాగిన స్లాబు సరిగ్గా పడుకొనే వేళకు వేడిని క్రిందికి వదలుతుంది. ఒంటి అంతస్తు ఇంటికి ఎండ అధికంగా తగిలేది కప్పుకే. అందుచేత గోడను నిందించి లాభం లేదు. స్లాబుపై ఇటుకముక్కలు సున్నం కలిపి దట్టించడం, ఏటా తెల్లసున్నం కొట్టడం, పడమటి గోడకు చెట్టునీడ, కప్పు దగ్గర గాలి వెలుపలికి పోయే గవాక్షాలు – ఇవన్నీ చవుక పనులే.

దిమ్మె మన్నిక సిమెంటు పాలు మీదనే గాక నీటి మీదను ఆధారపడుతుంది. పోసిన తరువాత కనీసం 14 దినాలు తడిగా ఉంచి, పిమ్మట నాలుగు వారాలు ఆరనిచ్చి వాడాలని భారత ప్రమాణాలు నిర్దేశిస్తున్నవి. తొందరపడి పచ్చి దిమ్మెలతో కట్టిన గోడ ఆరుతూ కుంచించుకొని బీటలు వారుతుంది. మేస్త్రీని తిట్టేవారు దిమ్మె ఏనాడు పోశారో అడగరు. స్వీడనులో 1920లలో వెలసిన, అల్యూమినియం పొడి కలిపి నురుగువలె పొంగించి ఆవిరిలో పండించే తేలిక దిమ్మె వేడిని మరింత బాగా ఆపుతుంది. నేడు నగరాలలో అది విరివిగా వాడుకలో ఉన్నది.

షోలాపురానికి ఈ విషయం పరాయిది కాదు. నగరం ప్రక్కన కుంభారిలో 2006లో బీడీ కార్మిక స్త్రీలకు 10,000 ఇళ్లు అందినవి. ఆ స్త్రీలలో తెలుగువారు అనేకులు. 2024 జనవరి 19న అదే చోట మరి 15,000 ఇళ్లు అసంఘటిత కార్మికులకు అప్పగింపబడినవి. బీడీ చుట్టేది ఇంట్లోనే, కూలి లెక్క వెయ్యి బీడీలకు ఇంత అని. కప్పు కాగి ఒళ్లు చెమటలు పట్టే మధ్యాహ్నాలలో చేయి నెమ్మదించి, ఆ వెయ్యి పూర్తి కావడానికి మరికొంత ప్రొద్దు పడుతుంది.