రెట్రోవైరస్‌ల ఉత్పరివర్తన రేటు: కొలిచే పద్ధతులు

రెట్రోవైరస్‌ల జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. వైరస్ కణంలోకి చేరాక రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్ ఆ ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ ప్రతిని తయారుచేస్తుంది. ఆ ప్రతి కణపు క్రోమోజోమ్‌లో కలిసిపోయి ప్రొవైరస్‌గా స్థిరపడుతుంది. ఈ ఎంజైమ్‌ను హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ 1970లో విడివిడిగా కనుగొన్నారు. రాసింది సరిచూసుకుని దిద్దుకునే శక్తి దీనికి లేదు. అందువల్ల పడే తప్పులే ఉత్పరివర్తనాలు. మందులకు లొంగని హెచ్‌ఐవీ పుట్టుకకు మూలం కూడా ఇవే.

తప్పుల రేటును కొలవడం పైకి కనిపించేంత తేలిక కాదు. వైరస్‌ను వారాల తరబడి కణాల్లో పెంచి, చివర్న దాని జన్యుక్రమం చదివితే తెలిసేది పడిన తప్పుల లెక్క కాదు, వాటిలో బతికి బట్టకట్టినవాటి లెక్క. లామివుడిన్ మందు సమక్షంలో హెచ్‌ఐవీని పెంచిన ప్రయోగాలు దీనికి చక్కని ఉదాహరణ. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ 184వ స్థానంలో మామూలుగా మెథియోనిన్ ఉంటుంది. దాని సంకేతం ఏటీజీ. మందు ఒత్తిడికి మొదట అక్కడ ఐసోల్యూసిన్ (ఏటీఏ) కనిపిస్తుంది. తర్వాత దాన్ని పక్కకు నెట్టి వాలిన్ (జీటీజీ) నిలబడుతుంది. 'జీ' ఉండాల్సిన చోట 'ఏ' పడటం ఈ ఎంజైమ్ తరచుగా చేసే పొరపాటు కనుక ఐసోల్యూసిన్ ముందు వస్తుంది. వాలిన్ ఉన్న వైరస్ అంతకంటే బాగా పెరుగుతుంది కనుక చివరికి అదే మిగులుతుంది. చివరి రోజు నమూనా మాత్రమే చూసినవారికి మొదటి అంకం తెలియనే తెలియదు.

ఈ చిక్కుకు విరుగుడు, వైరస్‌ను ఒకే ఒక్క చక్రం తిరగనిచ్చి ఆపేయడం. ఈ రంగంలో ఇంతకంటే అందమైన ఆలోచన మరొకటి లేదనిపిస్తుంది. వైరస్ సొంత ప్రొటీన్ల జన్యువులు తీసేసి, వాటి స్థానంలో పరిశోధకులకు కావలసిన జన్యువును పెడతారు. దీన్ని వెక్టర్ అంటారు. లోపించిన ప్రొటీన్లను 'ప్యాకేజింగ్ కణాలు' సమకూరుస్తాయి. అలాంటి కణాలను 1983లో రూపొందించారు. అక్కడ తయారైన వైరస్ కొత్త కణంలోకి వెళ్లి ప్రొవైరస్ అవుతుంది. ఆ కణంలో సాయం చేసే ప్రొటీన్లు లేవు కనుక కథ అంతటితో ఆగుతుంది. పెట్టిన జన్యువుతో వైరస్‌కు పనిలేదు కాబట్టి, అందులో ఏ తప్పు పడినా ఎంపిక ఒత్తిడి దాన్ని తుడిచేయదు.

టెమిన్ ప్రయోగశాలలో ఆ జన్యువుగా ఇ. కోలై బ్యాక్టీరియాకు చెందిన లాక్-జడ్ ఆల్ఫాను పెట్టారు. సోకిన కణాల నుంచి ప్రొవైరస్ డీఎన్‌ఏను వేరుచేసి, వలయంగా అతికించి, బ్యాక్టీరియాలోకి పంపుతారు. ఎక్స్-గాల్ అనే రంగునిచ్చే రసాయనం కలిపిన పళ్లెంలో జన్యువు చెక్కుచెదరని చోట నీలి కాలనీలు, చెడిన చోట తెల్లని లేదా వెలిసిన నీలి కాలనీలు మొలుస్తాయి. రంగు మారినవాటిని ఏరి జన్యుక్రమం చదివితే అక్షరం మారిందా, జారిపోయిందా, ఒక ముక్కే ఊడిపోయిందా అన్నది తేలుతుంది. రంగును మార్చని మార్పులు మాత్రం ఈ వలలో పడవు. ఈ పద్ధతిలో వినయ్ పాఠక్, టెమిన్ 1990లో స్ప్లీన్ నెక్రోసిస్ వైరస్‌ను, లూయిస్ మాన్‌స్కీ, టెమిన్ తర్వాత హెచ్‌ఐవీని పరీక్షించారు. రెండో వ్యాసం 1995లో వెలువడింది. అప్పటికి టెమిన్ మరణించి ఏడాది దాటింది.

ఆ వ్యాసంలోని అంకె చాలామంది అంచనాలను తలకిందులు చేసింది. శుద్ధిచేసిన ఎంజైమ్‌ను గాజు గొట్టంలో పరీక్షించినవారు 1988లో సుమారు 1,700 అక్షరాలకు ఒక తప్పు లెక్కగట్టారు. ఆ లెక్కన 9,700 అక్షరాల హెచ్‌ఐవీ ప్రతిసారీ అయిదారు తప్పులు మోయాలి. కణంలో కొలిస్తే తేలింది లక్ష అక్షరాలకు 3.4 మాత్రమే, అంటే మూడు వైరస్‌లకు ఒక తప్పు. ఈ లెక్కలోనూ ఎంజైమ్ వంతు ఎంతో విడిగా తేలదు. ప్రొవైరస్ నుంచి తిరిగి ఆర్‌ఎన్‌ఏ తీసే కణపు ఎంజైమ్ తప్పులు కూడా ఇందులో కలిసి ఉంటాయి.

ప్రతి వైరస్ రేణువులో రెండు ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి. ప్రతి తీసేటప్పుడు ఎంజైమ్ ఒకదాని మీద నుంచి రెండోదాని మీదికి దూకుతుంది. ఇదే పునఃసంయోజనం. 1990లో వెయ్-షౌ హూ, టెమిన్ రెండు వెక్టర్లలో చెరొక మందు నిరోధక జన్యువును చెడగొట్టి, రెండు మందులనూ తట్టుకున్న కణాలను లెక్కించారు. వేయి అక్షరాల దూరానికి, ఒక చక్రానికి దాదాపు 2 శాతం పునఃసంయోజనం తేలింది. ఇప్పుడు మందుల స్థానంలో పచ్చగా మెరిసే ప్రొటీన్ జన్యువును వాడుతున్నారు: రెండు వెక్టర్లలో రెండు వేర్వేరు చోట్ల విరిచిన జన్యువు అతుక్కుంటేనే కణం మెరుస్తుంది.

నేరుగా జన్యుక్రమం చదివే పద్ధతుల్లో కొలిచే సాధనమే తప్పులు కలుపుతుంది. చదివేముందు డీఎన్‌ఏకు లెక్కలేనన్ని ప్రతులు తీసే పీసీఆర్‌లోనూ ఇలాంటి దూకుళ్లు జరుగుతాయని 1990లోనే తెలిసింది. నమూనాను పలుచన చేసి ఒక్కో అణువును విడిగా పెంచడం పాత మార్గం. 2011లో వచ్చిన 'ప్రైమర్ ఐడీ' పద్ధతిలో ప్రతి ఆర్‌ఎన్‌ఏ నుంచి తీసే తొలి ప్రతికి ఒక గుర్తింపు చీటీ తగిలిస్తారు. ఒకే చీటీ ఉన్న ప్రతులన్నింటినీ పోల్చి, కొన్నింటిలోనే కనిపించే తేడాలను పీసీఆర్ పొరపాట్లుగా కొట్టేస్తారు.

రోగుల రక్తకణాల్లోని ప్రొవైరస్‌లను స్పెయిన్ శాస్త్రవేత్తలు పరిశీలించి 2015లో ప్రకటించిన రేటు లక్ష అక్షరాలకు సుమారు 410. వైరస్‌కు ప్రాణాంతకమైన ఆపుదల సంకేతాలనే వారు లెక్కించారు. అవి తర్వాతి తరానికి సాగలేవు కనుక అప్పుడే పుట్టినవై ఉండాలి. ఆ తప్పుల్లో అత్యధికం ఎంజైమ్‌వి కావు. అపోబెక్-3 అనే మన కణాల రక్షక ప్రొటీన్లు వైరస్‌ను పాడుచేసే పనిలో చేసినవి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే హీలా, 293టీ కణాల్లో ఈ కుటుంబంలో ముఖ్యమైన అపోబెక్-3జీ దాదాపు ఉండదు కనుక అక్కడి కొలతల్లో ఈ తప్పులు అంతగా కనిపించవు. పైగా ప్రయోగాల్లో చిరపరిచితమైన ఎన్‌ఎల్4-3 వైరస్ బి ఉపరకానిది. భారతదేశంలో, తెలుగు రాష్ట్రాల్లో కూడా, ప్రధానంగా ఉన్నది సి ఉపరకం.