వెనక కూర్చున్నవాళ్ళు

ఇవాళ సినిమా పాటలకి సెలవిచ్చి న్యూ ఆర్లియన్స్ దాకా వెళ్ళొద్దాం.

‘మీటర్స్’ అనే బృందం పాటల సంకలనం ఒకటుంది. పేరు ‘ఫంకిఫై యువర్ లైఫ్’. 1995లో రైనో కంపెనీ తెచ్చింది. రెండు సీడీలు, 43 పాటలు. బృందం 1977లోనే విడిపోయింది. జోసీ, రిప్రీజ్ అనే రెండు కంపెనీలకి వేరువేరుగా చేసిన పాటలు ఇందులో ఒక్కచోట దొరుకుతాయి.

అసలు వాళ్ళు నలుగురు. ఆర్గన్ ఆర్ట్ నెవిల్, గిటార్ లియో నోసెంటెల్లి, బేస్ జార్జ్ పోర్టర్, డ్రమ్స్ జిగబూ మోడలిస్ట్. అలెన్ టూసాంట్ అనే సంగీత దర్శకుడికి ఆస్థాన వాద్యకారులనుకోండి. 1973లో డాక్టర్ జాన్ పాడిన ‘రైట్ ప్లేస్ రాంగ్ టైమ్’ వెనక వాయించింది వీళ్ళే. మన పాత రికార్డుల అట్టల మీద పాడినవాళ్ళ పేరు, సంగీత దర్శకుడి పేరు ఉండేవి. ఆ వీణ ఎవరిదో, తబలా ఎవరిదో ఎవరు రాశారు గనక? వీళ్ళదీ చాలావరకూ అదే కథ.

నా మటుకు నాకు మొదట్లో చేసిన పాటలే ఇష్టం. చాలావాటిలో గొంతే వినబడదు. 1969 నాటి ‘సిస్సీ స్ట్రట్’ ఆర్ అండ్ బి పట్టికలో 4వ స్థానం దాకా వెళ్ళింది. నాలుగు వాయిద్యాలూ ఒకదానికొకటి చోటిచ్చుకుంటూ నడుస్తాయి. డ్రమ్ములు శ్రద్ధగా వినండి. ఆ ఊళ్ళో శవయాత్రకి బ్యాండుమేళం పెడతారు. శ్మశానం నుంచి తిరిగొచ్చేటప్పుడు హుషారు పాటలు వాయిస్తుంటే జనం వెనకే ఆడుతూ వస్తారు. ఆ జనాన్ని ‘సెకండ్ లైన్’ అంటారు. ఆ నడక దరువే జిగబూ చేతిలో ఉంది. చావు డప్పు వింటూ పెరిగినవాళ్ళకి ఇది మరీ పరాయిగా అనిపించదు.

1974 నాటి ‘హే పాకీ అవే’ మార్డీ గ్రా ఇండియన్ల పాటల్లోంచి వచ్చింది. ఇండియన్లంటే మనం కాదు లెండి! పండగనాడు ఈకలూ పూసలూ కుట్టిన ఆదివాసీ వేషాలతో ఊరేగే నల్లవాళ్ళు.

1975, 76ల్లో రోలింగ్ స్టోన్స్ కచేరీలకి ముందు వాయించారు. పేరొచ్చింది గానీ ఆ పేరుకి తగ్గ డబ్బు రాలేదు, పాటల హక్కుల మీద తగాదాలు మిగిలాయి. సంకలనం పేరు చివరి ఆల్బమ్‌లోని పాటదే. ఆ ఆల్బమ్ నాకంత రుచించదు. ఈలోగా హిప్-హాప్ కుర్రాళ్ళు వీళ్ళ పాత రికార్డుల్లోంచి ముక్కలు కత్తిరించి వాడుకోవడం మొదలెట్టారు. 1993లో ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ ‘క్లాప్ యువర్ హ్యాండ్స్’ అలా చేసిందే. 2018లో గ్రామీ వాళ్ళు జీవిత సాఫల్య పురస్కారమిచ్చారు. మరుసటి ఏడే ఆర్ట్ నెవిల్ పోయారు.

సరే, ‘సిస్సీ స్ట్రట్’ వేస్తున్నాను. పాడేవాళ్ళు ఇంకా రాలేదేమిటని ఎదురుచూడకండి.